జయాన్ లోయలో పెళ్లి: ముఖాలు నారింజ రంగులో వస్తున్నాయంటే

లోపం మీ కెమెరాలో లేదు, అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉన్న ఈ జయాన్ నేషనల్ పార్కు ఎర్ర రాతిది. ఎదుటి కొండ గోడ మీద పడిన ఎండ ఆ రంగుతోనే మీ ముఖాల మీదికి వస్తుంది. తెలుపు తెల్లగా కనిపించేలా కెమెరా తనంతట తానే రంగులు సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్ దాంట్లో తడబడుతుంది.

1. రా ఫార్మాట్‌లో (రంగులు తర్వాత కూడా సరిచేసుకోగలిగే ఫైల్) తీయండి. నిలబడే చోటే గ్రే కార్డు (రంగు సరిచూసుకునే బూడిద రంగు అట్ట) పట్టుకుని వైట్ బ్యాలెన్స్ సెట్ చేయండి, చోటు మారితే మళ్లీ చేయండి. ఎరుపంతా తీసేయొద్దు, ఆ వెలుగు కోసమేగా అంత దూరం వెళ్తున్నది! మధుపర్కాల తెలుపు తెల్లగా కనిపిస్తే చాలు.

2. చాలామంది మరిచేది ఇదే. యాప్‌లో సూర్యాస్తమయం వేళ చదునైన నేలకి లెక్క. లోయ అడుగున ఎండ అంతకు చాలా ముందే పోతుంది. ముందురోజు అదే చోట నిలబడి, నీడ మీ కాళ్ల దాకా ఎప్పుడొచ్చిందో, ఎదుటి గోడ మీద ఎండ ఎప్పటిదాకా ఉందో రాసుకోండి. ఆ రెంటి మధ్య సమయమే మీ ముహూర్తం. దండలు అప్పుడే మార్చుకోండి.

3. ఇద్దరే చేసుకున్నా పార్కు పర్మిట్ తప్పనిసరి. యూటా మ్యారేజ్ లైసెన్స్ 32 రోజులే చెల్లుతుంది, 18 నిండిన సాక్షులు ఇద్దరు కావాలి.

4. జులై-సెప్టెంబర్‌లో అయితే ఆకస్మిక వరద హెచ్చరిక చూడనిదే ఇరుకు లోయల్లోకి దిగొద్దు. వాన ఎగువన ఎక్కడో పడినా వరద మీ దాకా వస్తుంది.