ఏపీఎం సంగతి తర్వాత, ముందు డిపో కట్టు

చి॥ అల్లుడికి,

మీ మామయ్య ఆశీస్సులు. మొన్న నువ్వు ఫోన్లో అడిగినదానికి అప్పటికప్పుడు ఏదో ఒకటి చెప్పేయడం ఇష్టం లేక, రాస్తానన్నాను. స్టార్‌క్రాఫ్ట్ 2 అనే ఆ కంప్యూటర్ యుద్ధం ఆటలో నీ ఏపీఎం, అదే నిమిషానికి నొక్కే నొక్కుళ్ల లెక్క, 120 దగ్గరే ఆగిపోయిందనీ, పెద్ద ఆటగాళ్లది 300 దాటి ఉంటుందనీ, వేళ్లకి వేగం రావాలంటే ఏం చెయ్యాలనీ కదా నీ బెంగ. నువ్వు పంపిన రీప్లేలు, అంటే ఆడిన ఆటల రికార్డింగులు, చూశాను. నీ వేళ్లకి ఏ రోగమూ లేదు.

ప్రోటాస్ జాతి మీద ఆడిన ఆట మళ్లీ తెరిచి మూడో నిమిషం దగ్గర ఆపు. నీ రీపర్ (ఒక రకం సైనిక యూనిట్) అవతలివాడి బేస్‌లో ఒక ప్రోబ్ (అతని పనివాడు) వెంటపడి తిరుగుతోంది. నీ కళ్లూ చేతులూ మొత్తం దాని మీదే ఉన్నాయి. ఏపీఎం గ్రాఫు ఆ ఆట మొత్తంలోకీ అక్కడే ఎత్తుగా లేచింది. ఇప్పుడు పై మూల చూడు. 600 మినరల్స్, అంటే ఆటలో డబ్బు, ఖర్చవకుండా పడున్నాయి. సైనికుల్ని పుట్టించే బ్యారక్స్ ఖాళీ, పనివాళ్లని పుట్టించే కమాండ్ సెంటర్ ఖాళీ, డిపోలు కట్టి పెంచుకోవాల్సిన సప్లై, అంటే ఎంతమందిని పెట్టుకోవచ్చో ఆ పరిమితి, నిండిపోయింది. ఇంతా చేస్తే ఆ ప్రోబ్ కూడా తప్పించుకుంది. నువ్వు అన్నిటికన్నా వేగంగా ఆడిన ఆ కాసేపట్లోనే ఆట పోయింది. తర్వాత పదకొండు నిమిషాలు లాగావు గానీ అది ఊరికే లాగడమే.

ఏపీఎం అంటే నిమిషంలో నువ్వు చేసిన క్లిక్కుల, నొక్కిన కీల లెక్క. అవసరమై నొక్కావా, చెయ్యి ఊరుకోక నొక్కావా అని అది అడగదు. ప్రొఫెషనల్ ఆట మొదలవగానే స్క్రీన్ మీద 400 కనబడితే మీ వయసు కుర్రాళ్లు హడలిపోతారు. ఆ సమయంలో అతని చేతిలో ఉన్నది ఒక కమాండ్ సెంటరు, 12 మంది పనివాళ్లు. అంత వేగంగా చెయ్యడానికి అక్కడ పనేముంది? వేళ్లు వేడెక్కించుకుంటున్నాడు, అంతే. నువ్వూ చేస్తే చెయ్యి, కాదనను. దాన్ని ఆట అనుకోకు.

డీప్‌మైండ్ అనే ఏఐ కంపెనీవాళ్లు ఈ ఆట ఆడటానికి తయారుచేసిన ఆల్ఫాస్టార్ ప్రోగ్రామ్ సంగతి తెలిసే ఉంటుంది. 2019 జనవరిలో దాని ఆటలు బయటపెట్టారు. టీఎల్‌ఓ, మానా అనే ఇద్దరు ప్రొఫెషనల్స్‌ని చెరొక 5-0తో ఓడించింది. దాని సగటు ఏపీఎం సుమారు 280. మానాది 390. టీఎల్‌ఓది 678! కీని నొక్కిపట్టి ఒకే ఆదేశాన్ని వరసగా పంపించే పద్ధతి అతనిది, అందుకే అంకె అంత ఉబ్బింది. అంటే అక్కడున్న ముగ్గురిలోకీ తక్కువ అంకె ఉన్నదే గెలిచింది. ఇంకోవైపు కూడా చెప్పాలి. పెద్ద పోరు వచ్చినప్పుడు ఆ యంత్రం కాసేపు మనిషికి సాధ్యం కానంత వేగంతో, గురి తప్పకుండా స్టాకర్లనే యూనిట్లని నడిపింది. అది న్యాయమైన పోటీ కాదని చాలామంది గొడవ చేశారు, ఆ మాటలో నిజం ఉంది. ఆ తర్వాత మనిషిలాగే కెమెరా జరుపుకుంటూ ఆడాలని దానికి షరతు పెట్టినప్పుడు, లైవ్ ఆటలో మానా గెలిచాడు కూడా. నాకు మాత్రం ఆ అంకెల్లో పనికొచ్చేది ఒక్కటే. మిగతా సమయమంతా అది నెమ్మదిగానే ఉంది, అవసరం పడ్డచోట వేగంగా ఉంది.

ఈ వేగం పిచ్చి ఎక్కడినుంచి వచ్చిందో కూడా చెప్తా. 1998లో వచ్చిన మొదటి స్టార్‌క్రాఫ్ట్‌లో, దానికి అదనపు భాగంగా వచ్చిన బ్రూడ్ వార్‌లో, ఒకేసారి 12 యూనిట్లకి మించి సెలెక్ట్ చెయ్యడం కుదరదు. బ్యారక్స్ పది ఉంటే పదింటినీ విడివిడిగా నొక్కాలి. కొత్తగా పుట్టిన ప్రతి పనివాణ్నీ నువ్వే తీసుకెళ్లి మినరల్ దగ్గర పెట్టాలి, లేకపోతే అక్కడే నిలబడి ఉంటాడు. అమీర్‌పేట నెట్ సెంటర్లో మేం ఆ ఆట ఆడేటప్పుడు సగం సమయం పనివాళ్లని పంపడానికే సరిపోయేది. కొరియావాళ్లకి అంత వేగం కావలసొచ్చింది ఆట అడిగింది కాబట్టి. 2010లో వచ్చిన స్టార్‌క్రాఫ్ట్ 2లో ఆ చాకిరీ చాలావరకు పోయింది. నువ్వు యూట్యూబ్‌లో కొరియన్ల చేతుల వీడియోలు చూసి బెంగపెట్టుకుంటున్నావే, వాటిలో చాలా పాతవి. నీకు లేని పనికి వాళ్ల వేగం ఎందుకు?

అప్పటి కొరియాలోనే ఇంకో ముచ్చట ఉంది. లిమ్ యో-హ్వాన్, అదే బాక్సర్, గుప్పెడు మెరీన్లతో, అంటే మామూలు సైనికులతో, మాయలు చేసేవాడు. కొరియాలో ఈ ఆటకి అంత జనం రావడానికి సగం కారణం అతనే అంటే తప్పులేదు. అతని శిష్యుడు చోయ్ యాన్-సంగ్, ఐలవ్‌ఊవ్ అనే పేరుతో ఆడేవాడు. చిన్న చిన్న పోరాటాల్లో గారడీలు తక్కువ. కానీ ఎప్పుడు చూసినా అతని దగ్గర అవతలివాడికంటే ఎక్కువ బేస్‌లు, ఎక్కువ ఫ్యాక్టరీలు, ఎక్కువ ట్యాంకులు. ఇంత సైన్యం ఎలా వచ్చిందో తెలియక 'చీటర్ టెర్రాన్' అని పేరు పెట్టారు. 2004లో ఓఎస్‌ఎల్ అనే కొరియా టోర్నీ ఫైనల్లో గురువునే 3-2తో ఓడించాడు. బాక్సర్ స్టేజీ మీదే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నీ గోడ మీద బాక్సర్ పోస్టర్ ఉంటే ఉండనీ. ప్రాక్టీస్ మాత్రం శిష్యుడిలా చెయ్యి.

ఇక పనిలోకి వద్దాం. నువ్వు ఆడేది టెర్రాన్ అనే మనుషుల జాతితో కాబట్టి ఆ లెక్కే చెప్తాను. ఆట మొదలయ్యేసరికి సప్లై 15కి 12. ఒక ఎస్‌సీవీ, అంటే మన పనివాడు, తయారవడానికి 12 సెకన్లు. సప్లై డిపో కట్టడానికి 21 సెకన్లు. అంటే డిపో మొదలుపెట్టాక అది పూర్తయ్యేలోపు ఇంకో ఇద్దరు పనివాళ్లు వరసలో ఉంటారు. అందుకే అందరూ 14 దగ్గర డిపో వేస్తారు. 15 దాకా ఆగితే కమాండ్ సెంటర్ నోరు మూసుకుని కూర్చుంటుంది. ఇదొక్కటీ బట్టీ పట్టమనడం లేదు, ఇందులో ఉన్న లెక్క పట్టుకో. ఇప్పుడు నీకు బ్యారక్స్ అయిదు ఉన్నాయనుకో. ఒక్కో మెరీన్‌కి 18 సెకన్లు. రియాక్టర్ అనే అదనపు భాగం తగిలించినదాంట్లోంచి ఇద్దరేసి వస్తారు. ఒక డిపో ఇచ్చే 8 సప్లై ఒక్క విడతకే ఖాళీ అవుతుంది. ఆ దశలో నువ్వు డిపో గురించి సప్లై నిండాక కాదు, ఇంకో పది మిగిలి ఉండగానే ఆలోచించాలి. నీ రీప్లేలన్నిట్లో నాలుగో నిమిషం నుంచి ఆరో నిమిషం లోపు సప్లై బ్లాక్, అంటే సప్లై నిండి తయారీ ఆగిపోవడం, కనబడింది. ఇది వేళ్ల సమస్య కాదు, గుర్తు సమస్య.

దీనికి నేను పిల్లలతో చేయించేది చాలా బోరు పని, ముందే చెప్తున్నా. కంప్యూటర్‌ని అన్నిటికన్నా తేలిక లెవెల్లో పెట్టి, దాని జోలికి వెళ్లకుండా, ఒకే బిల్డ్ (ఏది ఎప్పుడు కట్టాలో ఆ వరస) ఆడు. పనివాళ్లు ఆగకూడదు, డిపో ఆలస్యం కాకూడదు, డబ్బు పోగుపడకూడదు. ఒక బేస్‌లో మినరల్స్‌కి 16 మంది, గ్యాస్‌కి ఆరుగురు, మొత్తం 22. మూడు బేస్‌లకి 66. అక్కడిదాకా ఎక్కడా ఆగకుండా వెళ్లడం రావాలి. వచ్చాక అదే పనిని, మెరీన్ల గుంపుని మ్యాప్ మధ్యలో అటూ ఇటూ తిప్పుతూ చెయ్యి. అప్పుడు తెలుస్తుంది ఎక్కడ చెయ్యి ఆగిపోతోందో. మేం ఇంటర్ సెలవుల్లో టైప్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లినప్పుడు మాస్టారు మొదటి నెలంతా కీబోర్డు మీద గుడ్డ కప్పి ఒకే వరస కొట్టించేవారు. వేగం పెంచుతానంటే ఒప్పుకునేవారు కాదు, తప్పుల్లేకుండా కాగితం చూపిస్తేనే తర్వాతి పాఠం. లోయర్ పాసయ్యేనాటికి వేగం దానంతటదే వచ్చి కూర్చుంది.

రోజూ ఆట అయ్యాక ఏపీఎం అంకె చూడకు. స్కోర్ స్క్రీన్‌లో ఖర్చుపెట్టని వనరుల సగటు ఉంటుంది, అది చూడు.

కళ్ల గురించి ఎవరూ చెప్పరు గానీ అసలు వేగం అక్కడే ఉంది. కెనడాలో సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీవాళ్లు వేలమంది స్టార్‌క్రాఫ్ట్ 2 ఆటగాళ్ల రీప్లేలు తీసుకుని, స్క్రీన్ కొత్తచోటికి జరిగాక మొదటి పని చెయ్యడానికి ఎంతసేపు పడుతోందో కొలిచారు. ఆ ఆలస్యం ఎంత తగ్గితే అంత పైస్థాయి ఆటగాడివి. కొత్తచోటికి వెళ్లాక 'ఇక్కడికెందుకొచ్చాను' అని నువ్వు వెతుక్కుంటావు చూడు, అదన్నమాట. పెద్ద ఆటగాడు ఏం చెయ్యాలో అనుకున్నాకే అక్కడికి వెళ్తాడు. కాబట్టి బేస్‌లకి కెమెరా కీలు పెట్టుకో, మౌస్‌తో స్క్రీన్ అంచుకి తోసుకుంటూ వెళ్లడం మానేయ్. బ్యారక్స్ అన్నీ ఒకే కంట్రోల్ గ్రూపులో, అంటే ఒకే కీ కింద, పెట్టుకుంటే పోరు మధ్యలోంచి కదలకుండానే మెరీన్లని పుట్టించవచ్చు. మినీమ్యాప్ వైపు చూపు పోవడం అలవాటయ్యేదాకా పక్కన ఒక చీటీ అంటించుకో, నవ్వితే నవ్వనీ.

అలాగని వేళ్ల వేగం ఉత్తదని నేననడం లేదు. జెర్గ్ జాతివాళ్ల బేన్‌లింగ్‌లు, అదే మీద పడి పేలిపోయే జీవులు, దొర్లుకుంటూ మెరీన్ల మీదకి వచ్చేటప్పుడు నీకు దొరికేది రెండు సెకన్లు. గుంపుని విడదీస్తే బతుకుతారు, లేకపోతే పచ్చటి మరకే మిగులుతుంది. 2011 ప్రాంతంలో మెరీన్‌కింగ్ అనే కొరియన్ కుర్రాడికి పేరొచ్చింది ఆ విడదీతతోనే. 2024లో రియాద్‌లో జరిగిన ఈస్పోర్ట్స్ వరల్డ్ కప్ ఫైనల్లో ఫ్రాన్స్ కుర్రాడు క్లెమ్, సెరాల్ అంతటివాణ్ని 5-0తో ఓడించాడు. అతని చేతివేగం చూస్తే నాకే కళ్లు తిరిగాయి. అయితే అతను అలా పోరాడుతున్నప్పుడు కూడా వెనకాల డిపోలు లేస్తూనే ఉన్నాయి. ఆటలోనే ఉన్న ఆర్కేడ్ విభాగంలో, బేన్‌లింగ్‌లు వస్తుంటే మెరీన్లని విడదీసే ప్రాక్టీస్ మ్యాపులు ఉన్నాయి, రోజూ కాసేపు ఆడు. భోజనంలో అది ఆవకాయే, అన్నం కాదు.

మణికట్టు విషయంలో మాత్రం నా మాట కొట్టెయ్యకు. బ్రూడ్ వార్‌లో అందరూ దేవుడనే ఫ్లాష్ అంతటివాడికి ఇరవై ఏళ్లు నిండకముందే, 2011లో చేతికి ఆపరేషన్ చేయించుకోవాల్సి వచ్చింది. కుర్చీ ఎత్తు సరిచేసుకో, మోచెయ్యి గాల్లో వేలాడకూడదు. గంటకోసారి లేచి నడువు. వేళ్లు మొద్దుబారినట్టో, రాత్రి తిమ్మిరెక్కినట్టో అనిపిస్తే ఆట ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లు, బామ్ రాసుకుని ఆడెయ్యకు.

'నాకు అప్పుడే పద్దెనిమిది' అని నువ్వు అన్నప్పుడు నవ్వాపుకోలేకపోయాను. ఇందాక చెప్పిన యూనివర్సిటీవాళ్లే 2014లో ఇంకో సంగతి బయటపెట్టారు. 16 నుంచి 44 ఏళ్ల మధ్య 3,305 మందిని చూస్తే, 24 దగ్గర్నుంచి ఆ స్పందన కొద్దికొద్దిగా మందగిస్తోందట. పేపర్లవాళ్లు ఆ ముక్క పట్టుకుని ఊదరగొట్టారు. పెద్దవాళ్లు ఆటని తేలికచేసుకుని, షార్ట్‌కట్‌లు తెలివిగా వాడుకుని ఆ లోటు పూడ్చుకుంటున్నారని కూడా అందులోనే ఉంది, దాన్నెవరూ పెద్దగా పట్టించుకోలేదు. నాలాంటివాడు కుర్రాళ్లని ఇంకా ఓడిస్తున్నాడంటే అలాగే.

ఆఖరుకి డబ్బు సంగతి. దీన్నే వృత్తి చేసుకుంటానంటే నేను ఇప్పుడే ఊ అనను. కొరియాలోనే టీమ్‌ల ప్రోలీగ్ 2016లో మూతపడింది. ఇప్పుడు ఈ ఆటలో బాగా సంపాదించేవాళ్లు ప్రపంచం మొత్తం మీద కొద్దిమందే. మన ప్రభుత్వం 2022 డిసెంబరులో ఈస్పోర్ట్స్‌ని క్రీడల శాఖ కిందకి తెచ్చింది, సంతోషమే. దానివల్ల రేపే నీకు జీతం రాదు. ఆట ఉచితం, మీ ఇంట్లో ఉన్న కంప్యూటర్ సరిపోతుంది, కాబట్టి ఖర్చుపెట్టి ఏదీ కొనకు, వెలుగులు చిమ్మే కీబోర్డు అస్సలు వద్దు. బీటెక్ చదువుతూనే అన్నిటికన్నా పై లీగ్ గ్రాండ్‌మాస్టర్ దాకా వెళ్లు. అక్కడికి చేరాక కూడా ఇదే మాట అంటే, అప్పుడు మీ అమ్మతో నేను మాట్లాడతా. అప్పటిదాకా సెమిస్టర్ పరీక్షల వారం ల్యాడర్ (ర్యాంకుల ఆటలు) వైపు వెళ్లకు. వచ్చేనెల జెర్గ్ మీద ఆడిన రీప్లేలు పంపు, ఓడిపోయినవే.

ఉంటాను,
మీ మామయ్య