సమాధానం: మగవాళ్లు ఇష్టపడే ప్రేమ నవలలు

తమ్మీ, మీ ఇంటామె చదివే ప్రేమ నవలలు తెరిస్తే ఇరవై పేజీలు దాటుతలేనన్నవు. తప్పు నీది కాదు. ఆ కథల్లో మగవాడు ఎత్తు, కారు, కోపం తప్ప లోపల ఏమనుకుంటున్నడో కనిపించడు. మగవాడి మనసు లోపలి నుంచి రాసినవి వెతుకు.

ముందు యండమూరి ‘వెన్నెల్లో ఆడపిల్ల’ పట్టుకో. చదరంగం ఆటగాడు రేవంత్‌కు ఎవరో అమ్మాయి ఫోన్ చేస్తది, తనెవరో కనుక్కోమని సవాలు చేస్తది. రేవంత్‌తో పాటు మనమూ వెతుకుతం, అందుకే పుస్తకం కింద పెట్టబుద్ధి కాదు. చివర ఏమైతదో ముందే ఎవరినీ అడగకు.

అది అయినంక బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’. ఇది నిదానంగా నడుస్తది. తల్లి మీద పడ్డ నింద కథానాయకుడు దయానిధిని ఎక్కడికి పోయినా వదలదు; కోమలి, అమృతం, ఇందిర ఎవరి దగ్గరా అతని మనసు కుదురుకోదు. నేను డిగ్రీలో సగంల వదిలేసిన, ముప్పై దాటినంక చదివితే రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. ప్రేమించడం చేతగాక బాధపడే మగవాణ్ణి అంత దయతో చూపిన నవల నాకు ఇంకోటి దొరకలేదు.

చలం ‘మైదానం’ ఇప్పుడే వద్దు, అది కథానాయిక రాజేశ్వరి చెప్పే కథ.

కొనేముందు హన్మకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయంలో అడుగు, 1904 నాటి గ్రంథాలయం. రేవంత్ కథ మీ ఇంటామెతో కలిసి చదువు తమ్మీ, మాట్లాడుకోనీకి మస్తు ఉంటది.