బంగారంపై థయోల్ పొర సరిగా కుదరకపోతే

బంగారు పూత ఉన్న గాజు పలకను డోడెకేన్‌థయోల్ (ఒక కొసన సల్ఫర్, వెనక పొడవాటి కార్బన్ తోక ఉన్న థయోల్ అణువు) ద్రావణంలో అరగంట ముంచితే నీటి చుక్క కాంటాక్ట్ కోణం (చుక్క అంచు పలకతో చేసే కోణం; పొర బాగా కుదిరితే పెరుగుతుంది) 85 డిగ్రీలే వస్తోందని, అదీ చోటుకో రకంగా ఉందని రాశారు. ఇథనాల్‌లో 1 మిల్లీమోలార్ గాఢత సరిపోతుంది, దాన్ని మార్చకండి. చిక్కంతా సమయంతోనే.

సల్ఫర్ బంగారాన్ని పట్టుకోవడం చాలావరకు నిమిషాల్లోనే అయిపోతుంది. కానీ అప్పటికింకా కార్బన్ తోకలు ఎటు పడితే అటు ఒరిగి ఉంటాయి. అవి పక్కపక్కన సర్దుకుని, నిలువుకు దాదాపు 30 డిగ్రీల వాలుతో ఒత్తుగా నిలబడటానికి గంటలు పడుతుంది. తొందరపెడితే లాభం లేదు. మూత బిగించి రాత్రంతా, వీలైతే 24 గంటలు వదిలేయండి.

చోటుకో రకంగా రావడం మాత్రం మురికి వల్లేనని నా అనుమానం. గాలి తగిలిన బంగారం మీద సేంద్రియ మలినాలు ఇట్టే చేరతాయి. ముందు యూవీ-ఓజోన్‌తో శుభ్రం చేసి, ఏర్పడిన ఆక్సైడ్ పోయేలా కాసేపు ఇథనాల్‌లో ఉంచండి. (పిరానా ద్రావణం, అంటే సల్ఫ్యూరిక్ ఆమ్లం, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన మిశ్రమం, దాని జోలికి ఒంటరిగా వెళ్లొద్దు. సేంద్రియ ద్రావకం కలిస్తే పేలొచ్చు.)

బయటికి తీశాక ఇథనాల్‌తో బాగా కడిగి, నైట్రోజన్‌తో ఆరబెట్టి వెంటనే కొలవండి. 110 డిగ్రీల దగ్గరికి రావాలి. అప్పటికీ రాకపోతే కొత్త థయోల్ సీసా తెరిచి చూడండి.