కుక్క తలుపు గీకేసింది, ఖర్చు ఎవరి నెత్తిన?

ప్రశ్న: ఊరెళ్లేవాళ్ల కుక్కల్ని మా ఇంట్లో ఉంచుకుని చూసుకుంటాను, ఇది నాకు రెండో ఆదాయం. పోయిన నెల నాలుగు రోజులకని వచ్చిన కుక్క, నేను గంటసేపు బయటికెళ్లి వచ్చేసరికి వీధి తలుపు గీకేసి సోఫా చింపేసింది. ఆ నాలుగు రోజులకు నాకొచ్చిన డబ్బుకు మూడు రెట్లు ఖర్చయ్యేలా ఉంది. మాది అద్దిల్లు. కుక్కగలవాళ్లేమో "మా ఇంట్లో ఎప్పుడూ ఇలా చేయలేదు" అంటున్నారు. కాగితం మీద ఏమీ రాసుకోలేదు. సేవింగ్స్‌లోంచి కట్టేసి ఈ పని మానేయనా?

జవాబు: మానేయక్కర్లేదు. సేవింగ్స్ జోలికీ ఇప్పుడే వెళ్లకండి, ముందు అసలు నష్టమెంతో తేలాలి. తలుపు మొత్తం మార్చాలా, లేక నునుపు పట్టించి రంగేస్తే సరిపోతుందా? ఇద్దరు వడ్రంగుల చేత అంచనా రాయించుకోండి, ఇంటి ఓనరు కొత్త తలుపు అడిగినా సరే ఆ కాగితాలు పట్టుకునే మాట్లాడండి. సోఫా పదేళ్లు వస్తుందనుకుంటే, ఇప్పటికే ఆరేళ్లు వాడేసి ఉంటే మిగిలిన విలువ 40 శాతమే. సోఫా నష్టంగా లెక్కలో చూపించాల్సింది ఆ 40 శాతం లేదా రిపేరు ఖర్చు, రెండిట్లో ఏది తక్కువైతే అది. కొత్త సోఫా ధర అడిగారనుకోండి, వాళ్లు ఫోన్ ఎత్తడం మానేస్తారు.

వాళ్లు అబద్ధం చెబుతున్నారని కూడా అనుకోకండి. తనవాళ్లు కనిపించక, చోటు కొత్తదై, ఒంటరిగా మిగిలిన కుక్క భయంతో బయటపడే దారి వెతుక్కుంటుంది, అందుకే గీతలు ఎక్కువగా తలుపుల దగ్గరా కిటికీల దగ్గరా ఉంటాయి. పొగరుతో చేసే పని కాదది, వచ్చాక తిడితే దాని భయం ఇంకా పెరుగుతుంది. అయితే ఒంటరిగా వదిలింది మీరే కాబట్టి మీ వాటా కూడా కొంత ఉంది. చట్టం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, చేతిలో కాగితమూ లేదు, కాబట్టి గొడవకు దిగేకంటే ఫొటోలు, అంచనాలు పంపి "సగం సగం భరిద్దాం" అని మెసేజ్ పెట్టండి. నేనైతే అదే చేస్తాను.

ఇన్సూరెన్స్ ఉంది కదా అని ధీమాగా ఉండేవాళ్లకు ఒక మాట. ఇంటి పాలసీల్లో చాలావాటికి పెంపుడు జంతువులు చేసిన నష్టమూ, ఇంట్లో నడిపే వ్యాపారం వల్ల వచ్చిన నష్టమూ వర్తించవు. పెట్ సిట్టర్ల కోసమే, అంటే మీలా ఇతరుల పెంపుడు జంతువుల్ని చూసుకునేవాళ్ల కోసమే ఇచ్చే పాలసీ తీసుకున్నా, ఎక్కువగా అది ఇతరులకు జరిగిన నష్టానికే, మీ సోఫాకు కాదు. మినహాయింపుల పేజీ చదవకుండా ప్రీమియం కట్టకండి.

ఇక ముందు ముందు సంగతి. మీ రేటులో మీరు ఇంట్లో కూర్చునే సమయానికి లెక్కే లేదు, అసలు పొరపాటు అక్కడుంది. ఒంటరిగా ఉండలేని కుక్కకు రేటు వేరేగా ఉండాలి, ఎందుకంటే ఆ నాలుగు రోజులూ మీరు కదలకూడదు, కదిలితే ఇంకొకరిని కూర్చోబెట్టాలి. బుకింగ్ ఒప్పుకునే ముందే ఒక సాయంత్రం తెమ్మనండి, పది నిమిషాలు వేరే గదిలోకి వెళ్లి చూడండి, చాలా కుక్కల భయం అప్పుడే బయటపడిపోతుంది. ఒక పేజీ ఒప్పందం రాసుకోండి: కుక్కకు భయాలుంటే ముందే చెప్పాలి, నష్టానికి రిపేరు ఖర్చు కుక్క యజమానిదే, గోళ్లో పళ్లో విరిగితే డాక్టర్ ఫీజు ఎవరిది, కొంత డిపాజిట్. వచ్చినరోజే తలుపులూ ఫర్నిచరూ ఫొటోలు తీసి వాళ్లకు పంపేయండి. ప్రతి బుకింగ్ డబ్బులోంచి పదోవంతు వేరే ఖాతాలో పడేయండి, ఈసారి మీ వంతు సగం కూడా అక్కడినుంచే నెలనెలా పూడ్చుకోవచ్చు.

బోనులో పెట్టి తాళం వేస్తే ఖర్చు లేదనుకోకండి. భయపడే కుక్క ఆ ఊచల్ని కొరికి పళ్లు విరగ్గొట్టుకుంటే ఆ బిల్లు ముందు మీ సోఫా ఎంత!

అదే కుక్కను మళ్లీ తెస్తామంటే ముందు పశువుల డాక్టరుకు చూపించమనండి. ఈ భయానికి మందులున్నాయి, కొంచెం కొంచెంగా ఒంటరితనం అలవాటు చేసే పద్ధతీ ఉంది, కాకపోతే వారాలు పడుతుంది. అప్పటిదాకా వాళ్లింటికే వెళ్లి అక్కడే ఉండి చూసుకుంటానని చెప్పండి, దానికి తగ్గ రేటుతో.