అత్తగారి బిస్కెట్ డబ్బాలో పాత ఫొటోలు

చిరంజీవి అమ్మలుకి,

పెదనాన్న ఆశీస్సులు.

మీ ఇంగ్లీషు అత్తగారు పాత బిస్కెట్ డబ్బా ఒకటి నీ చేతిలో పెట్టి, మాంచెస్టర్ పక్కనున్న నూలు మిల్లుల ఊరు ఓల్డమ్‌లోని తన పాతతరాలవాళ్ళ గురించి, "మా ఓల్డమ్ వాళ్ళంతా ఇందులోనే ఉన్నారు, ఎవరెవరో తేల్చిపెట్టు" అన్నారని రాశావు. ఆవిడ ఉండగానే మొదలుపెట్టడం మంచిదయింది. ఒక్కటి మాత్రం ముందే చెప్తున్నాను, మొహాలతో మొదలుపెట్టకు. "ఈ ముక్కు అచ్చం మా ఆయనదే" అనుకున్నావంటే పని చెడిందన్నమాటే. ఆ తరవాత దొరికే ప్రతి కాగితాన్నీ ఆ ముక్కుకి అతికించుకుంటూ పోతావు. ముందు ఫొటోలన్నీ బోర్లించు.

చదివేముందు స్కాన్ చెయ్యి. ముందూ వెనకా రెండూ, అంచులు తెగకుండా, అట్టతో సహా. స్కానర్ స్పష్టత 600 డీపీఐ సరిపోతుంది, అరచేతిలో పట్టే చిన్నవాటికి 1200 పెట్టు. ఆల్బమ్‌కి అంటుకున్నదాన్ని పీకకు, ఆ పేజీ మొత్తం స్కాన్ చెయ్యి. పక్కన ఏ ఫొటో ఉందన్నది కూడా ఒక ఆధారమే. ఫొటో వెనక బాల్‌పెన్ను ముట్టించకు, నంబరు వెయ్యాలంటే మెత్తటి పెన్సిల్‌తో మూలన వెయ్యి. గాజు మీద ఉన్న ఫొటో దొరికితే తుడవకు. బొమ్మ ఆ గాజు మీదే ఉంటుంది, గుడ్డ తగిలితే ఊడివస్తుంది.

ఇక వెనకవైపు. నాలుగంగుళాల పొడవు, రెండున్నర వెడల్పు ఉన్న అట్ట ఫొటో అయితే దాన్ని కార్త్ ద విజిత్ అంటారు, 1860 ప్రాంతం నుంచీ ఇంగ్లండులో విపరీతంగా నడిచింది. ఆరున్నర అంగుళాలది క్యాబినెట్ కార్డు, 1866 తరవాతది. పల్చటి అట్ట, పలక మూలలు ఉంటే సాధారణంగా పాతది. మందపాటి అట్ట, గుండ్రటి మూలలు, బంగారు అంచు ఉంటే తరవాతిది. వీటన్నిటికంటే గట్టి ఆధారం స్టూడియో చిరునామా. ఫొటోగ్రాఫర్లు దుకాణాలు తెగ మార్చేవాళ్ళు. ఏ ఏడు ఏ వీధిలో ఉన్నారో ఆనాటి వ్యాపార డైరెక్టరీల్లో ఉంటుంది. కెల్లీ డైరెక్టరీలు, మాంచెస్టర్ వైపు స్లేటర్ డైరెక్టరీలు. లెస్టర్ యూనివర్సిటీ చాలా సంపుటాలు ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టింది. ఫలానా వీధిలో ఆ స్టూడియో నాలుగేళ్ళే ఉందని తేలితే నీ ఫొటోకీ ఆ నాలుగేళ్ళే. ఇందులో ఒక మెలిక ఉంది. పాత ఫొటోని తెచ్చి మళ్ళీ ఫొటో తీయించుకోవడం అప్పట్లో మామూలే. అట్ట 1890లది, బట్టలు 1860లవి అయితే అట్ట తప్పూ కాదు, బట్టల తప్పూ కాదు, అది నకలు.

డబ్బాలో ఎక్కువ భాగం పోస్టుకార్డు ఫొటోలే ఉంటాయి, కూలినాలి జనానికి అందుబాటులో ఉన్నవి అవే. వెనక సగం చిరునామాకి, సగం ఉత్తరానికి గీత గీసి ఉంటే 1902 తరవాతది. స్టాంపు అంటించే గడిలో అర పెన్నీ అని అచ్చయి ఉంటే ఆ కార్డు అచ్చయింది 1918 జూన్‌కి ముందు, అప్పుడే రేటు పెన్నీ అయింది. పాత కార్డుల కట్ట అయిపోయేదాకా స్టూడియోవాళ్ళు వాడుకునేవాళ్ళు కాబట్టి ఒకట్రెండేళ్ళు అటూఇటూ వదిలిపెట్టు.

వెనక బ్లాక్‌పూల్ అని ముద్ర ఉన్నంత మాత్రాన వాళ్ళది బ్లాక్‌పూల్ అయిపోదు. ఆగస్టు చివర వేక్స్ వారం అనే సెలవులు వచ్చాయంటే ఓల్డమ్ మిల్లులు మూతపడేవి, జనం రైలెక్కి బ్లాక్‌పూల్ లాంటి సముద్రపుటూళ్ళకి పోయేవాళ్ళు. గుడ్డ మీద గీసిన పడవలోనో మోటారు కారులోనో కూర్చుని దిగిన ఫొటోలన్నీ ఆ బాపతే. మన తీర్థాల్లో చందమామ బొమ్మ మీద కూర్చోబెట్టి తీసేవారే, అలాంటివి. అవి ఊరు చెప్పవు గానీ నెల చెప్తాయి.

బట్టలు చూసి ఏడాది చెప్పే పుస్తకాలున్నాయి, వాటిని సగమే నమ్ము. భుజం దగ్గర బుడగలా ఉబ్బిన చేతులు 1890ల నడుమ ఫ్యాషను, నిజమే. కానీ మిల్లు మనిషికి ఉన్నది ఒక్క మంచి జత, అది పదేళ్ళు నడవాలి. అందుకని ఆ ఫోటో అంతకంటే ముందుది కాదనడానికి బట్టలు పనికొస్తాయి గానీ, ఎంత తరవాతిదో చెప్పవు. వయసులో ఉన్న ఆడపిల్ల బట్టల్ని నమ్ము, ముసలమ్మ బట్టల్ని నమ్మకు. గౌను తొడుక్కున్న మూడేళ్ళ బిడ్డని చూసి ఆడపిల్ల అని రాసేయకు. నాలుగైదేళ్ళు వచ్చేదాకా మగపిల్లలకీ గౌనులే. రేకు మీద తీసిన టిన్‌టైప్ అయితే, అయస్కాంతం దగ్గర పెడితే లాగుతుంది, బొమ్మ కుడి ఎడమలు తారుమారవుతాయి. ఉంగరం ఏ చేతికుందో చూసి పెళ్ళి తేల్చేముందు అది గుర్తుపెట్టుకో.

గుంపు ఫొటోల్లో మొహాలకంటే రాతలు ముఖ్యం. పలకమీద సుద్దతో రాసిన తరగతి, గోడమీద మిల్లు పేరు, విట్ ఫ్రైడే అనే చర్చి పండగ ఊరేగింపులో జెండా మీద సండే స్కూలు పేరు. ఆ సండే స్కూలు నడిపే చాపెల్ (చిన్న చర్చి) పేరు దొరికితే దాని రిజిస్టర్లు ఎక్కడున్నాయో ఓల్డమ్ స్థానిక చరిత్ర విభాగంలో చెప్తారు. సైనికుడి ఫొటో అయితే టోపీ బిళ్ళ పెద్దది చేసి చూడు. మాంచెస్టర్ రెజిమెంటుకి 1923 దాకా నగర చిహ్నం, ఆ తరవాత మూడు రేకల లిల్లీ పువ్వు. ఎడమ ముంజేతి మీద నిలువుగా సన్నటి ఇత్తడి గీత ఉంటే గాయపడినవాడని, 1916 నుంచీ ఇచ్చారు. ఆర్మీ ఫైలు దొరక్కపోతే నిరాశపడకు. 1940 సెప్టెంబరులో లండన్‌లో బాంబులు పడి మొదటి ప్రపంచ యుద్ధపు సిపాయిల ఫైళ్ళలో సుమారు 60 శాతం తగలబడ్డాయి. ఎవరికి ఏ పతకం ఇచ్చారో రాసిన మెడల్ కార్డులు మిగిలాయి.

ఇప్పుడు అసలు సంగతి. మనవాళ్ళలో ఇంటిపేరు చెప్తే ఊరో వంశమో కాస్త తెలుస్తుంది. అక్కడ టేలర్ అన్నా స్మిత్ అన్నా ఏమీ తెలియదు, ఒకే పేటలో ఒకే వయసు జాన్ టేలర్లు నలుగురు ఉంటారు. పైగా ముద్దుపేర్ల గొడవ. పాలీ అంటే మేరీ, నెల్లీ అంటే ఎలెన్, సాలీ అంటే సారా, జాక్ అంటే జాన్. బిడ్డ పోతే ఆ పేరే తరవాతి బిడ్డకి పెట్టేవాళ్ళు. కాబట్టి పేరు పట్టుకుని పోతే దారి తప్పుతావు. వీధి పట్టుకో. వీళ్ళంతా అద్దె ఇళ్ళవాళ్ళు, తరచూ మారేవాళ్ళు, కానీ మారినా మిల్లుకి నడిచిపోయేంత దూరంలోనే, నాలుగు వీధులు అటూ ఇటూ. స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం వెబ్‌సైట్‌లో ఇంగ్లండు పాత ఆర్డ్‌నెన్స్ సర్వే (ప్రభుత్వ సర్వే సంస్థ) మ్యాపులు కూడా ఉచితంగా ఉన్నాయి. మైలుకి 25 అంగుళాల మ్యాపు తెరిచి దొరికిన ప్రతి చిరునామా మీదా చుక్క పెడుతూ పో. ఒక చుక్క ఎక్కడో దూరంగా పడితే ఆ కాగితం మీవాళ్ళది కాదేమోనని అనుమానించు.

చిరునామాలు సర్టిఫికెట్లలో ఉంటాయి. ఇంగ్లండు, వేల్స్‌లో ప్రభుత్వ నమోదు 1837 జూలై 1న మొదలయింది. నమోదు చేయకపోతే జరిమానా అన్నది 1875 నుంచే గట్టిగా అమలయింది, అందుకని అంతకుముందు పుట్టినవాళ్ళు కొందరు జాబితాలో ఉండరు. చర్చి బాప్తిజం రిజిస్టర్లు చూడాలి. ల్యాంకషైర్ (అప్పట్లో ఓల్డమ్ ఉన్న కౌంటీ) ఆన్‌లైన్ పారిష్ క్లర్క్స్ అనే స్వచ్ఛంద బృందంవాళ్ళు వాటిని ఎత్తిరాసి ఉచితంగా పెట్టారు. నమోదుకి గడువు 42 రోజులు. ఆలస్యమైతే తల్లి పుట్టినతేదీని నాలుగు రోజులు తరవాతకి జరిపి చెప్పడం ఉండేది, అందుకే బాప్తిజం తేదీకీ సర్టిఫికెట్‌కీ పొంతన కుదరదు. జనన పత్రంలో తేదీతోపాటు పుట్టిన గంట కూడా రాసి ఉంటే కవలలేమో చూడు.

1911 సెన్సస్ ఫారం దగ్గర మాత్రం తీరిగ్గా కూర్చో. ఇంటాయన స్వయంగా నింపిన కాగితమే మనకి మిగిలిన మొదటి సెన్సస్ అది, ముత్తాత చేతిరాత కనబడుతుంది. అందులో పెళ్ళయి ఎన్నేళ్ళయింది, బతికి పుట్టిన పిల్లలు ఎందరు, ఇప్పుడున్నది ఎందరు, పోయినవాళ్ళు ఎందరు అని అడిగారు. ఉదాహరణకి 19 ఏళ్ళు, తొమ్మిది, అయిదు, నాలుగు అని ఉందనుకో. ఫారంలో పేర్లు అయిదే. మిగతా నలుగురి కోసం జనరల్ రిజిస్టర్ ఆఫీసు (జనన మరణాల ప్రభుత్వ నమోదు కార్యాలయం) సొంత సూచికలోకి వెళ్ళు. మామూలు సూచికల్లో తల్లి పుట్టింటి పేరు 1911 సెప్టెంబరు త్రైమాసికం నుంచే ఉంటుంది, వాళ్ళ సొంత సూచికలో 1837 నుంచీ చేర్చారు. తండ్రి ఇంటిపేరు, తల్లి పుట్టింటి పేరు, ఓల్డమ్ జిల్లా పెట్టి 1892 నుంచి 1911 దాకా వెతుకు. అబ్బాయిలకి ఒకసారి, అమ్మాయిలకి ఒకసారి. వచ్చిన పేర్లలోంచి ఆ అయిదుగురినీ తీసేసి, మిగిలినవాళ్ళని మరణాల సూచికలో వయసుతో సరిచూడు. లెక్క తొమ్మిదికి తేలితే కుటుంబం సరైనదే. తేలకపోతే మధ్యలో వేరే జిల్లాలో కాపురముండి ఉంటారు. చాడర్టన్, రాయ్‌టన్ ఓల్డమ్ జిల్లాలోవే గానీ, కొండవైపు శాడిల్‌వర్త్ అప్పట్లో యార్క్‌షైర్. డబ్బాలో పేరులేని పసిబిడ్డ ఫొటో ఉంటే ఆ నలుగురిలో ఒకరు కావచ్చు. నిద్రపోతున్న ప్రతి బిడ్డనీ చనిపోయాక తీసిన ఫొటో అనడం మాత్రం ఇంటర్నెట్ పిచ్చి.

వితంతువులూ, భార్య పోయినవాళ్ళూ ఆ గడులు నింపనక్కర్లేదు. అయినా నింపేవాళ్ళు, గుమాస్తా ఎర్ర సిరాతోనో ఆకుపచ్చతోనో కొట్టేసేవాడు. కొట్టేసిన అంకెలే ఒక్కోసారి మనకి బంగారం.

మిగతా సెన్సస్‌లు గబగబా చెప్తాను. 1841లో పదిహేను దాటినవాళ్ళ వయసు అయిదుకి తగ్గించి రాశారు, 38 ఏళ్ళవాడు 35గా కనబడతాడు. 1851 నుంచీ పుట్టిన ఊరు, బంధుత్వం ఉంటాయి. సన్-ఇన్-లా అని ఉంటే అల్లుడే కానక్కర్లేదు, భార్య మొదటి భర్త కొడుకు కూడా అవ్వొచ్చు. 1921లో యజమాని పేరు రాశారు, మిల్లు దొరికేది అక్కడే. 1931ది యుద్ధకాలంలో అగ్నికి ఆహుతయింది, 1941లో అసలు తియ్యలేదు. ఆ లోటు తీర్చేది యుద్ధం మొదలవగానే ఇంటింటా జనాన్ని నమోదు చేసిన 1939 సెప్టెంబరు 29 నాటి రిజిస్టరు. పుట్టినతేదీ పూర్తిగా ఉంటుంది, ఆడవాళ్ళకి తరవాత పెళ్ళయితే కొత్త ఇంటిపేరు పైన రాసి ఉంటుంది. నల్లటి పట్టీ వేసిన వరసలు ఇంకా మూసి ఉంచినవి.

వృత్తుల మాటలు నిఘంటువుతో అర్థం చేసుకోకు. పీసర్ అంటే మ్యూల్ అనే నూలు వడికే యంత్రం మీద తెగిన పోగులు అతికేవాళ్ళు, పిల్లలే కాదు, మైండర్ ఉద్యోగం ఖాళీ అయ్యేదాకా ముప్ఫై ఏళ్ళ మగవాళ్ళూ పీసర్లే. మైండర్ అంటే పిల్లల్ని చూసేవాడు కాదు, జంట మ్యూళ్ళకి పెద్ద. హాఫ్-టైమర్ అంటే పూటంతా మిల్లులో, పూటంతా బళ్ళో ఉండే పిల్లలు. 1918 చట్టంతో ఆ పద్ధతి పోయింది. ఓల్డమ్ ప్రధానంగా వడికే ఊరు, బర్న్‌లీ, బ్లాక్‌బర్న్ నేసేవి. మీవాళ్ళలో ఒక్కసారిగా నేతగత్తె కనబడితే ఆవిడ ఆ వైపునుంచి వచ్చిన కోడలేమో చూడు.

ఎవరైనా పుట్టిన చోటు ఈస్ట్ ఇండీస్ అనో సికింద్రాబాద్ అనో రాసి ఉంటే తప్పని కొట్టిపారెయ్యకు. తిరుమలగిరి కంటోన్మెంటులో గోరా సిపాయిల పిల్లలు పుట్టేవాళ్ళు. వాళ్ళ బాప్తిజం నమోదులు మద్రాసు చర్చి రికార్డులతో కలిసి లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

ఒకటి చూసుకుని అడుగెయ్యి. నలభై ఆరేళ్ళావిడకి ఏడాది బిడ్డ, అదే ఇంట్లో పందొమ్మిదేళ్ళ పెళ్ళికాని కూతురు కనబడితే, ఆ బిడ్డ జనన పత్రం తెప్పించు. తండ్రి గడి ఖాళీగా ఉండొచ్చు. వర్క్‌హౌస్ అనే బీదల ఆశ్రమంలో ప్రసవమూ కావచ్చు, 1904 తరవాతివైతే వర్క్‌హౌస్ అని రాయకుండా ఉత్త వీధి చిరునామానే వేసేవాళ్ళు. ఇలాంటిది దొరికితే విందులో నలుగురి ముందూ చెప్పకు. ముందు మీ ఆయనతో చెప్పు, మీ అత్తగారికి ఎలా చెప్పాలో అతనికి తెలుస్తుంది.

ఆవిడ దగ్గర కూర్చున్నప్పుడు "ఇది ఎవరు?" అని అడగకు, తెలియదనేస్తారు. "ఈ గుమ్మం ఎవరిది? మెట్టుకి రంగు రాయి రుద్దేది ఎవరు? ఏ చాపెల్‌కి పోయేవారు?" అని అడుగు, ఫోనులో రికార్డు చేసుకో. స్కాన్ అయ్యాక అసలు ఫొటోలు పీవీసీ కవర్లలో కాకుండా పాలిస్టర్ కవర్లలో పెట్టి ఆవిడకే ఇచ్చెయ్యి. ఆ బిస్కెట్ డబ్బా తుప్పు పట్టి ఉంటే మాత్రం అందులో తిరిగి పెట్టకు. 1911 ఫారం దొరికిన రోజున నాకు ఫొటో తీసి పంపు, ఆ గడులు కలిసి చూద్దాం.

పెదనాన్న