ఇంత చదివి జీతం కోసం చేరడం తప్పా?

ప్రశ్న: స్ట్రక్చరల్ ఇంజినీరింగ్‌లో పీజీ పూర్తి కావస్తోంది. ఇద్దరినీ చదివించే స్తోమత లేక అక్క చదువు ఆపేసి ఇంట్లోవాళ్లు నన్ను చదివించారు. ఇప్పుడు ఓ పెద్ద డిజైన్ కంపెనీ నుంచి మంచి జీతంతో ఆఫర్ వచ్చింది. చేరాలంటే ఏదో తప్పు చేస్తున్నట్టుంది. సేవాసంస్థలో పనిచేస్తేనే ఈ చదువుకు న్యాయం చేసినట్టా?

జవాబు: ఆ పని మీకు నచ్చితే నిస్సంకోచంగా చేరండి. అక్కకు దక్కని చదువు మీకు దక్కిందన్న బాధ మీ ఉత్తరంలో కనిపిస్తోంది. అది మంచి మనసే. కానీ మీరు తక్కువ జీతానికి చేరినంత మాత్రాన అక్కకు ఒరిగేదేమీ లేదు. మళ్లీ చదువుకోవాలని ఉందా అని ఆమెను ఎప్పుడైనా అడిగారా? అడగండి. ఫీజు కట్టగలిగే జీతం మీకు రాబోతోంది. వద్దంటే మాత్రం బలవంతపెట్టకండి.

ఇక న్యాయం సంగతి. సేవాసంస్థ కట్టించే బడి పైకప్పుకైనా, కంపెనీ కట్టే ఆఫీసు పైకప్పుకైనా లెక్క ఒక్కటే. దాని కింద కూర్చునేవాళ్లకు ఆ లెక్క చదవడం రాదు, మీకు వచ్చు. మీ బాధ్యత అక్కడుంది.

మీ రంగంలోదే ఒకటి చెబుతాను. న్యూయార్క్‌లోని సిటీకార్ప్ సెంటర్ 1977లో పూర్తయింది. 59 అంతస్తులు. దాన్ని మోసే పెద్ద స్తంభాలు మూలల్లో కాకుండా నాలుగు వైపులా మధ్యలో ఉంటాయి. 1978లో విద్యార్థుల నుంచి ప్రశ్నలు వచ్చాక, దాని స్ట్రక్చరల్ ఇంజినీరు విలియం లెమెజర్ మళ్లీ లెక్కలు వేశారు. మూలల వైపు నుంచి గాలి వీస్తే కొన్ని బ్రేసుల్లో, అంటే భవనం గాలికి తట్టుకునేలా పట్టి ఉంచే ఏటవాలు స్టీలు దూలాల్లో, ఒత్తిడి 40 శాతం పెరుగుతోంది. పైగా జాయింట్లకు తాను అనుకున్న వెల్డింగ్ బదులు అంత బలం లేని బోల్టులు వేశారని, ఆ మార్పుకు తన ఆఫీసే ఒప్పుకుందని ఆయనకు ఆలస్యంగా తెలిసింది. నోరు మెదపకుండా ఉండిపోయే వీలు ఆయనకు ఉంది. పేరు పోతుందని తెలిసీ యజమానులకు చెప్పారు. రాత్రిపూట జాయింట్ల మీద స్టీలు ప్లేట్లు వెల్డింగ్ చేయించి భవనాన్ని బలపరిచారు.

ఎథిక్స్ క్లాసుల్లో దీన్ని ఆదర్శంగా చెబుతారు. నా దృష్టిలో అది సగం ఆదర్శమే. ఆ భవనంలో పనిచేసేవాళ్లకు, చుట్టుపక్కల ఉండేవాళ్లకు అసలు సంగతి 1995 దాకా తెలియలేదు. ప్రాణాలు వాళ్లవి, నిర్ణయం మాత్రం తెలిసినవాళ్లది. చదువు ఇచ్చిన అధికారాన్ని అలా వాడుకునే హక్కు ఎవరికీ లేదని నేను గట్టిగా నమ్ముతాను.

అందుకే ఆఫర్ ఒప్పుకునే ముందు జీతం ఒక్కటే మాట్లాడకండి. మా డిజైన్‌ను ఇంకో ఇంజినీరు విడిగా చెక్ చేస్తారా, సైట్‌లో మార్పు చేస్తే ఎవరు ఆమోదిస్తారు, జూనియర్ అభ్యంతరం చెబితే అది రికార్డులో ఉంటుందా అని అడగండి. మాట దాటేశారంటే ఇంకో కంపెనీ చూసుకోండి.

చేరాక, స్వయంగా సరిచూడని లెక్క కింద సంతకం పెట్టొద్దు. ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టేదాకా పెద్ద ఈఎంఐలు నెత్తిన వేసుకోవద్దు. నెలనెలా అప్పు తరుముతుంటే బాస్ ముందు 'కుదరదు' అనే మాట రాదు. చాలామంది మంచివాళ్లు అక్కడే లొంగిపోతారు.

ఏదైనా తేడా కనిపిస్తే మెయిల్‌లో రాయండి. వినకపోతే పై ఇంజినీరు దగ్గరికి, అక్కడా కాకపోతే అనుమతులిచ్చే అధికారుల దగ్గరికి వెళ్లండి. ఉద్యోగం మారాల్సి వచ్చినా మీ డిగ్రీకి ఇంకోటి దొరుకుతుంది. ఆ సైట్‌లో పనిచేసే కూలీకి ఆ వెసులుబాటు లేదు. మారేముందు మాత్రం మీ అభ్యంతరాన్ని తేదీతో సహా ప్రాజెక్టు ఫైల్లో పెట్టి వెళ్లండి. మీ తర్వాత ఆ పని చేపట్టేవాళ్లకు అది దొరకాలి.