కలర్ రీలు కడగబోయే మేనకోడలికి

చిరంజీవికి ఆశీస్సులు.

కెమెరా కలర్ ఫిల్ము రీళ్లు ఇక ఇంట్లోనే కడుగుతానని రాశావు. చాలా సంతోషం. బ్లాక్ అండ్ వైట్‌కు అలవాటుపడ్డ చేతికి ఇదేమీ అందని విద్య కాదు. నీ శ్రద్ధంతా డెవలపర్ మీద, అంటే ఫిల్ము మీద బొమ్మను తేల్చే మందు మీద పెట్టు. 37.8 డిగ్రీల సెల్సియస్, 3 నిమిషాల 15 సెకన్లు. 1972లో కొడాక్ తెచ్చిన సి-41 పద్ధతి లెక్క ఇదే. కొన్ని మందుల కిట్లలో తక్కువ వేడికి వేరే సమయాలు రాసి ఉంటాయి. వాటి జోలికి పోకు.

అంత పట్టింపు ఎందుకంటే, ఫిల్ములో మూడు రంగుల పొరలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. డెవలపర్ పై నుంచి అడుగుకు ఇంకాలి. వేడి తప్పితే ఆ మూడూ సమంగా ఎదగవు. నీడల్లో ఒక రంగు ఛాయ, వెలుగులో మరొకటి తేలుతుంది. స్కాన్ చేశాక ఎంత దిద్దినా అది పూర్తిగా పోదు.

పెద్ద తొట్టిలో వేడినీళ్లు పోసి మందుల సీసాలనూ, రీలు ఉండే వెలుతురు చొరని డబ్బా ట్యాంకునూ అందులోనే ఉంచు. థర్మామీటర్ మాత్రం డెవలపర్ సీసాలో పెట్టి చూడు, తొట్టి వేడిని నమ్మకు. ముందుగా ట్యాంకులో ఒక నిమిషం వేడినీళ్లు పోసి వంపెయ్యి. రంగు నీళ్లు వస్తాయి, కంగారుపడకు.

డెవలపర్ తర్వాత వాడే బ్లీచ్, ఫిక్సర్ ఫిల్ములోని వెండిని తొలగించే మందులు. అవి అంత పెంకివి కావు. 24 నుంచి 41 డిగ్రీల మధ్య ఎక్కడున్నా పని చేస్తాయి. బ్లీచ్ చాలలేదనిపిస్తే తర్వాత మళ్లీ చేసుకోవచ్చు, డెవలపర్‌కు ఆ అవకాశం లేదు. రెండూ కలిసిన బ్లిక్స్ వాడితే లోపల గ్యాస్ పుడుతుంది. ట్యాంకు తిప్పిన ప్రతిసారీ మూత కాస్త ఎత్తి వదులు.

రీలు ట్యాంకులోకి ఎక్కించేటప్పుడు చిమ్మచీకటి ఉండాలి, ఎర్ర దీపం కూడా పనికిరాదు. పనికిరాని రీలుతో పగలే కళ్లు మూసుకుని సాధన చెయ్యి. వెనుక నల్లటి కార్బన్ పూత ఉన్న సినిమా ఫిల్మును ఆ పూత తీయకుండా ఇందులో వెయ్యకు, మందులన్నీ పాడవుతాయి. చేతికి తొడుగులు తప్పనిసరి. డెవలపర్ చర్మానికి పడదు, దురద ఒకసారి మొదలైతే ఆ తర్వాత కొద్దిగా తగిలినా తిరగబెట్టవచ్చు. మిగిలిన డెవలపర్‌ను గాలి లేకుండా సీసా అంచుదాకా నింపి దాచు.

చివర స్టెబిలైజర్, అంటే నెగటివ్ చెడకుండా కాపాడే మందు వేశాక నీళ్లతో కడగకు. దుమ్ము లేని చోట వేలాడదియ్యి. తడి నెగటివ్ పాలిపోయినట్టు, మసకగా కనిపిస్తుంది. ఆరేదాకా మంచి చెడ్డలు తేల్చకు. మొదటి రీలులో మాత్రం మళ్లీ తీయగలిగిన బొమ్మలే ఉండాలి.

నీ మేనమామ